వాల్వు కుదురుకుందా, చెవి కుదురుకుందా?

కొత్త తోలు చెప్పులు మొదటి వారం కరుస్తాయి. రెండో వారానికి బాధ తగ్గుతుంది. చెప్పు మెత్తబడిందా, కాలు మొద్దుబారిందా అని ఎవరూ ఆరా తీయరు. నడక సాగితే చాలు. హెడ్‌ఫోన్ యాంప్లిఫయర్‌లో, అంటే హెడ్‌ఫోన్‌కు వెళ్లే సిగ్నలును పెంచే పెట్టెలో, వాల్వు అనే గాజు బుడ్డిని కొత్తగా పెట్టుకున్నవాళ్ల కథా ఇదే. మొదటి రోజు గొంతు గరగరలాడిందనీ, యాభై గంటలు పాడించాక తేనెలా మారిందనీ చెబుతారు. చెప్పుల విషయంలో ఆరా తీయకపోయినా నష్టం లేదు కానీ ఇక్కడ ఉంది. ఈ మాటలు నమ్మి, ఒకే రకం వాల్వులు నాలుగైదు కొని, ఒక్కొక్కదాన్నీ రాత్రింబవళ్లు వెలిగించి కూర్చునేవాళ్లున్నారు. నేనూ కొంతకాలం ఆ జట్టులోనే ఉన్నాను.

ట్యూబు అన్న మాట ఇప్పుడు ఎక్కువగా వినిపిస్తోంది గానీ మన ఇళ్లలో దీని పేరు వాల్వే. ట్రాన్సిస్టరు రాకముందు ఉన్నది వాల్వు రేడియో. మీట తిప్పగానే పలికేది కాదు. లోపల ఎర్రటి వెలుగు రాజుకునేది, కొన్నిటికి ముందు వైపు పచ్చటి కన్నొకటి మెల్లగా తెరుచుకునేది, అర నిమిషానికి ఎక్కడో దూరం నుంచి వస్తున్నట్లు వార్తలు మొదలయ్యేవి. వాల్వు "సిద్ధం కావడం" అన్న మాటలో నూటికి నూరుపాళ్లూ నిజమైనది ఈ అర నిమిషం. మిగతాదానిలో నిజమెంతో తేలాలంటే గాజు బుడ్డి లోపలికి వెళ్లాలి.

లోపల గాలి ఉండదు. మధ్యలో సన్నని నికెల్ గొట్టం, దాని మీద బేరియం, స్ట్రాన్షియం ఆక్సైడ్ల తెల్లటి పూత. ఇది కాథోడు. గొట్టంలో దూర్చిన హీటరు తీగ దాన్ని సుమారు 700 నుంచి 800 డిగ్రీల సెల్సియస్ దాకా వేడి చేస్తుంది. ఆ వేడికి పూతలోంచి ఎలక్ట్రాన్లు బయటికి ఉరుకుతాయి. చుట్టూ ఉన్న ప్లేటుకు వందా రెండువందల వోల్టులు ఇస్తే అవి అటువైపు పరుగెడతాయి. దారిలో సన్నని తీగ చుట్ట ఒకటి అడ్డంగా ఉంటుంది. అదే గ్రిడ్. లీ డి ఫారెస్ట్ 1906లో చేర్చిన ఈ చుట్టే వాల్వును యాంప్లిఫయర్ చేసింది. గ్రిడ్ మీద చిన్న వోల్టేజి కదిలితే ప్లేటు వైపు పెద్దది కదులుతుంది. ఎంత పెద్దది అనేదానికి "మ్యూ" అనే అంకె ఉంటుంది. 12ఏయూ7 అనే వాల్వు రకానికి అది 17 నుంచి 20, 12ఏఎక్స్7కు 100.

వాడే కొద్దీ వీటిలో మారగలిగేవి ఏవి? గ్రిడ్‌కూ కాథోడుకూ ప్లేటుకూ మధ్య దూరాలు మారవు. అది లోహపు చట్రం, బిగించిన చోటనే ఉంటుంది. మ్యూ ప్రధానంగా ఆ దూరాల మీదే ఆధారపడుతుంది కాబట్టి అదీ పెద్దగా మారదు. మారేవి రెండే: కాథోడు పూత ఎలక్ట్రాన్లను విదిలించే తీరు, బుడ్డిలో మిగిలిపోయిన కాస్తంత వాయువు.

పూతను మొదట కార్బొనేట్లుగా రాసి, గాలి లాగేటప్పుడు వేడి చేసి ఆక్సైడ్లుగా మారుస్తారు. ఆ తర్వాత ఫ్యాక్టరీలోనే కొన్ని గంటలు కరెంటు పారించి దాన్ని కుదుటపరుస్తారు. కొత్త పెనం మీద మొదటి అట్టు పెనానికే అంకితం అంటారు కదా, వాల్వు విషయంలో ఆ అట్టు మన చేతికి రాకముందే వేసేసి ఉంటారు. ఇక వాయువు సంగతి. బుడ్డి నెత్తినో పక్కనో వెండి అద్దంలా మెరిసే మచ్చ ఉంటుంది. అది గెట్టర్, బేరియం పొర. అక్కడక్కడా మిగిలిన, లోహంలోంచి మెల్లగా ఊరే వాయువును అది మింగేస్తూ ఉంటుంది. నలభై ఏళ్లు డబ్బాలో పడి ఉన్న వాల్వును వెలిగిస్తే మొదటి కొన్ని గంటలు ఈ శుభ్రం చేసే పని కాస్త ఎక్కువగా జరుగుతుంది. అప్పుడు సన్నగా చిటపటలు, బుసబుసలు వినిపించి తగ్గిపోవడం కల్పన కాదు, నేనే విన్నాను. ఆ వెండి మచ్చ పాలలా తెల్లగా మారి ఉంటే మాత్రం లోపలికి గాలి చొరబడినట్లు. దాన్ని ఎన్ని గంటలు పాడించినా పాడదు.

అంటే కుదురుకోవడం ఉంది, కానీ దాని కాలమానం గంటల్లో ఉంది, నెలల్లో లేదు. యాంప్లిఫయర్ పెట్టె, లోపలి రెసిస్టర్లు, సాకెట్లు అన్నీ వేడెక్కి ఒక స్థితికి రావడానికి ఇరవై ముప్పై నిమిషాలు. ఇది రోజూ జరుగుతుంది. వాయువూ పూతా సర్దుకోవడానికి మొదటి ఒకటి రెండు సాయంత్రాలు, పాత సరుకైతే పదీ ఇరవై గంటలు. ఆ తర్వాత వాల్వు జీవితం చాలాకాలం చదునైన దారి. ఆర్సీఏ కంపెనీ ఎర్ర అడుగు పెట్టి అమ్మిన 5692 వాల్వుకు పది వేల గంటల ఆయుష్షు అని చెప్పేది. రోజుకు రెండు గంటల చొప్పున వింటే అది పదమూడేళ్లు దాటుతుంది. వంద గంటలంటే అందులో నూటికి ఒక్క పాలు.

సరే, ఆ వంద గంటల్లో కాథోడు నిజంగానే మారిందనుకుందాం, అదీ ఉదారంగా, పది శాతం. శబ్దం ఎంత మారాలి? 12ఏయూ7 డేటాషీట్ (తయారీదారు ఇచ్చే వివరాల పత్రం) ప్రకారం మ్యూ 17, లోపలి నిరోధం 7,700 ఓంలు. దాని ప్లేటు దగ్గర 22,000 ఓంల రెసిస్టరు ఉందనుకోండి. పెంపు ఎంతంటే 17ను 22తో గుణించి, 22, 7.7ల మొత్తంతో భాగించాలి. 12.6 రెట్లు వస్తుంది. కాథోడు చురుకు పది శాతం తగ్గితే లోపలి నిరోధం సుమారు 8,550 ఓంలకు పెరుగుతుంది, పెంపు 12.2కు దిగుతుంది. తేడా పావు డెసిబెల్. రెండు వాల్వులను పక్కపక్కన క్షణాల్లో మార్చి వింటే పావు డెసిబెల్‌ను పట్టే చెవులు ఉండవచ్చు. నిన్నటి రాత్రికీ వారం కిందటి రాత్రికీ మధ్య పట్టగల చెవి లేదు. పైగా అది పట్టుబడినా "కాస్త గట్టిగా ఉంది" అనిపించాలి గానీ "వేదిక విశాలమైంది, వీణ ముందుకు వచ్చింది" అనిపించకూడదు.

ఈ లెక్క వేసుకున్నాక కూడా నాకు నమ్మకం కలగలేదు. లెక్క చెవికి ఎక్కదు. అందుకని ఒకే పెట్టెలో, ఒకే అచ్చుతో వచ్చిన రెండు 12ఏయూ7లు తీసుకుని ఒకదాని అడుగున 1 అనీ, రెండోదాని అడుగున 2 అనీ రాశాను. రెంటినీ తలా ఒక సాయంత్రం వెలిగించి, రెండోదాన్ని డబ్బాలో దాచేశాను. మొదటిదాన్ని రెండు నెలలు, రోజూ దాదాపు రెండు గంటలు విన్నాను. నెల తిరిగేసరికి ఖాయంగా మెరుగైందనిపించింది. మెరుగుదలను మాటల్లో కూడా పెట్టగలిగాను, నోటుపుస్తకంలో రాసుకున్నాను. ఆ తర్వాత తమ్ముడికి పని అప్పగించాను. "అన్నయ్యా, నాణెం వేసి పెడతాను, నువ్వు చూడకూడదు" అన్నాడు. నేను ఆఫీసు నుంచి వచ్చే ముందు రెంటిలో ఒకటి పెట్టి, గాజు కనబడకుండా అట్టముక్క అడ్డుపెట్టేవాడు. పది సాయంత్రాలు నా అంచనా రాశాను. విప్పి చూస్తే అంచనాలు నాణెం ఎగరేసినంత బాగా కుదిరాయి. ఆసక్తికరమైనది ఇంకొకటి: డబ్బాలో పడుకున్న రెండో నంబరు కూడా "మెరుగైపోయింది". నా నోటుపుస్తకంలోని విశేషణాలు దానికీ అంతే చక్కగా అతికాయి. రెండు నెలలు కుదురుకున్నది ఎవరో తేలిపోయింది.

ఇది ఒక్కడి పది సాయంత్రాలు. దాన్ని శాస్త్రం అనను. కానీ ఎవరైనా చేసుకోగల పరీక్ష, ఖర్చు రెండో వాల్వు ధర.

ఇక్కడే ఒక హెచ్చరిక. నాకొకసారి ఒక వాల్వు మొదటి రోజు నుంచే ఎడమ చెవిలో టప్ టప్‌మని పేలింది. అమ్మినతన్ని అడిగితే "వంద గంటలు నడవనివ్వండి సార్" అన్నాడు. వాపసు గడువు పదిహేను రోజులు. రోజుకు రెండు గంటలు వినేవాడికి వంద గంటలంటే యాభై రోజులు. లెక్క మీరే వేసుకోండి. పదీ ఇరవై గంటల్లో పోని చిటపట దోషమే, దాన్ని ఓపికతో నయం చేయలేం.

మరి వాల్వులు మార్చితే తేడా ఉండదా అంటే, ఉంటుంది. చాలామంది వెతికే చోట మాత్రం కాదు. హెడ్‌ఫోన్ల కోసం బాగా వాడుకలో ఉన్న ఒక పద్ధతిలో చివర ట్రాన్స్‌ఫార్మరు ఉండదు, వాల్వే నేరుగా హెడ్‌ఫోన్‌ను నడుపుతుంది. ముందు 12ఏయూ7 లేదా 6ఎస్ఎన్7 లాంటి చిన్నది, వెనక 6ఏఎస్7జీ లేదా దాని దృఢమైన రూపం 6080. బాటిల్‌హెడ్ క్రాక్, డార్క్‌వాయిస్ 336 అనే యాంప్లిఫయర్లు ఈ కోవలోవే. ఇటువంటి వాటి మీద జరిగే చర్చంతా ముందున్న చిన్న వాల్వు చుట్టూ తిరుగుతుంది. నా ఉద్దేశంలో చూడవలసింది వెనకదాన్ని.

6ఏఎస్7జీ సంగీతం కోసం పుట్టింది కాదు. విద్యుత్ సరఫరాలను నిలకడగా ఉంచడానికి చేసిన మొరటు వాల్వు. హీటరే రెండున్నర ఆంపియర్లు తాగుతుంది, అంటే వెలగడానికే దాదాపు 16 వాట్లు. మే నెలలో బల్ల మీద పెట్టుకుని చూడండి, సంగీతం కన్నా ముందు చెమట వస్తుంది. దాని మ్యూ రెండే, లోపలి నిరోధం 280 ఓంలు. కాథోడు నుంచి సిగ్నలు తీసే పద్ధతిలో యాంప్లిఫయర్ అవుట్‌పుట్ ఇంపిడెన్స్, అంటే బయటికి వెళ్లే సిగ్నలుకు అది అడ్డుపెట్టే నిరోధం, తెలియాలంటే ఆ 280ని మ్యూకు ఒకటి కలిపి భాగించాలి: 93 ఓంలు. నిజమైన యాంప్లిఫయర్లలో డేటాషీట్ చెప్పినంత కరెంటు పారదు కాబట్టి ఇది ఇంకాస్త పెరిగి 120 ఓంల చుట్టుపక్కల ఉంటుంది.

ఇప్పుడు సెన్‌హైజర్ హెచ్‌డీ 650 అనే హెడ్‌ఫోన్ తీసుకుందాం. పెట్టె మీద ఇంపిడెన్స్ 300 ఓంలు అని ఉంటుంది గానీ అన్ని పౌనఃపున్యాల దగ్గరా అంతే ఉండదు. వంద హెర్ట్జ్‌కు కాస్త అటూ ఇటూ, మృదంగం తొప్పి గుమ్మని పలికే ప్రాంతంలో, సుమారు 500 ఓంల దాకా గూనిలా లేస్తుంది. 120 ఓంల యాంప్లిఫయర్‌కు తగిలిస్తే 300 ఓంలు ఉన్న చోట వోల్టేజిలో 71 శాతం, 500 ఉన్న చోట 81 శాతం హెడ్‌ఫోన్‌కు చేరుతుంది. అంటే తొప్పి దగ్గర ఒక డెసిబెల్ ఎత్తు. వాల్వు శబ్దాన్ని "వెచ్చగా, నిండుగా ఉంది" అంటారు కదా, ఆ నిండుదనంలో పెద్ద వాటా ఈ భాగహారానిదే.

వెనక 5998 అనే వాల్వు పెడితే బేస్ బిగువుగా అవుతుందని చాలాకాలంగా చెప్పుకుంటారు. దాని ధర కూడా 6080కి ఎన్నో రెట్లు. ఇది వట్టి పుకారు కాదు. డేటాషీట్‌లో దాని మ్యూ 5.4, నిరోధం 350 ఓంలు. పై లెక్కే వేస్తే అవుట్‌పుట్ ఇంపిడెన్స్ 55 ఓంలకు దిగుతుంది, తొప్పి దగ్గరి ఎత్తు సగం డెసిబెల్‌కు తగ్గుతుంది. పెంపు కూడా కాస్త ఎక్కువ. తేడా నిజం, కారణం తెలుసు, కొలవవచ్చు. అదే వాల్వు ప్లేనార్ రకం (చదునైన పల్చటి పొర కంపించే) హెడ్‌ఫోన్‌కు పెడితే ఈ తేడా ఉండదు. వాటి ఇంపిడెన్స్ చదునుగా ఉంటుంది, గూనే లేనప్పుడు సరిచేయడానికి ఏముంది? 32 ఓంల హెడ్‌ఫోన్‌కైతే అసలు ఈ పద్ధతి యాంప్లిఫయరే తగదు. 120 ఓంల దగ్గర ఐదో వంతు వోల్టేజి మాత్రమే చెవికి చేరుతుంది. ఒకరికి స్వర్గంలా వినబడిన వాల్వు ఇంకొకరికి మామూలుగా ఎందుకు వినబడుతుందో చెప్పడానికి చెవుల తేడా దాకా వెళ్లనక్కరలేదు, ముందు వాళ్ల హెడ్‌ఫోన్ ఏదో అడగాలి.

వెచ్చదనానికి ఇంకో ప్రసిద్ధ కారణం రెండో హార్మోనిక్. ట్రయోడ్ రకం (ఒకే గ్రిడ్ ఉన్న) వాల్వు సిగ్నలును కాస్త వంచి, మధ్య షడ్జానికి తార షడ్జాన్ని జోడిస్తుంది. శ్రుతికి శ్రుతే కాబట్టి కటువుగా ఉండదు. సిద్ధాంతం అందంగానే ఉంది, మోతాదు మాత్రం చాలదు. హెచ్‌డీ 650కి ఒక వోల్టు ఇస్తే 103 డెసిబెళ్ల మోత వస్తుంది. మనం హాయిగా వినేది 80ల్లో, అంటే పదో వంతు వోల్టు దగ్గర. రెండో హార్మోనిక్ శాతం సిగ్నలుతో పాటే తగ్గుతుంది. ఒక వోల్టు దగ్గర 0.2 శాతం ఉంటే, పదో వంతు దగ్గర 0.02 శాతం. 83 డెసిబెళ్ల పాట వెనక ఆ తార షడ్జం 9 డెసిబెళ్ల దగ్గర ఉంటుంది. మన ఇంట్లో ఫ్యాను తిరుగుతుండగా దాన్ని వినగలిగినవారికి నమస్కారం. గట్టిగా వినేవాళ్లకూ, వక్రీకరణ ఎక్కువ ఉండేలా కావాలనే రూపొందించిన యాంప్లిఫయర్లకూ ఈ మాట వర్తించదు.

పోల్చి చూడాలనుకుంటే ముందు వాల్యూమ్ సమం చేయాలి. ఇది చేయని పోలికలను నేను ఇప్పుడు చదవడం మానేశాను. వాల్వుకూ వాల్వుకూ పెంపు తేడా ఉంటుంది, కాస్త గట్టిగా ఉన్నది ఎప్పుడూ మేలుగానే వినబడుతుంది, అదీ "గట్టిగా" అనిపించదు, "స్పష్టంగా" అనిపిస్తుంది. వంద హెర్ట్జ్ స్వరం కాకుండా, గూనికి దూరంగా 400 హెర్ట్జ్ స్వరం ఫోనులోంచి పాడించి, హెడ్‌ఫోన్ తగిలించే ఉంచి, అవుట్‌పుట్ దగ్గర మల్టీమీటరుతో ఏసీ వోల్టేజి చూడండి. చవక మీటర్లు అంతకన్నా పై స్వరాల దగ్గర తప్పు చెప్పవచ్చు. రెండు వాల్వులకూ అంకె ఒక్క శాతం తేడాలోపు వస్తే పదో వంతు డెసిబెల్‌కు సమం చేసినట్లే. రెండో చిక్కు, మార్చడానికి పట్టే కాలం. స్విచ్చి ఆపి, వాల్వు చల్లారాక, లోపలి కెపాసిటర్లలో వందకు పైగా వోల్టులు ఇంకా నిలిచి ఉండవచ్చని గుర్తుంచుకుని, మార్చి, మళ్లీ వేడెక్కనివ్వాలి. ఇదంతా పావుగంటకు తక్కువ కాదు. శబ్దం జ్ఞాపకం అంతసేపు నిలవదు. అందుకే ఒకే వాల్వును వారంపాటు వాడి, చూడకుండా మార్పించుకుని, తేడా ఉందో లేదో చెప్పగలిగితేనే నేను తేడా ఉందంటాను. ఇంకో సంగతి: వాల్వు పీకి పెట్టినప్పుడు కాళ్ల మీది తుప్పు సాకెట్‌లో రాసుకుని శుభ్రమవుతుంది. పాత వాల్వునే పీకి మళ్లీ పెట్టినా ఒక్కోసారి గరగర పోతుంది, ఆ పుణ్యం కొత్తదానికి దక్కుతుంది.

ఏది దేనికి బదులు పెట్టవచ్చో మాత్రం రుచి విషయం కాదు. 12ఏయూ7, 6డీజే8 రెండూ తొమ్మిది కాళ్లవే, సాకెట్‌లో చక్కగా దూరతాయి. కానీ తొమ్మిదో కాలు మొదటిదానిలో హీటరు మధ్యభాగం, రెండోదానిలో లోపలి తెర. తప్పుగా పెడితే హీటరుకు సరైన వోల్టేజి అందదు. రష్యా 6ఎన్1పీని 6డీజే8 బదులు పెట్టుకోమనే సలహా తరచూ వినిపిస్తుంది. కాళ్లు కుదురుతాయి, కానీ హీటరు 365 మిల్లీ ఆంపియర్లకు బదులు 600 లాగుతుంది. ట్రాన్స్‌ఫార్మరు భరించగలదో లేదో చూసుకున్నాకే.

పేర్లూ మోసం చేస్తాయి. ఈనాడు టంగ్‌సోల్, ముల్లార్డ్ అనే బ్రాండు పేర్లతో కొత్తగా అమ్ముతున్నవి రష్యాలోని సరాటోవ్‌లో తయారవుతున్నవి. పాత అమెరికా, ఇంగ్లండు ఫ్యాక్టరీలకూ వాటికీ ఉన్న బంధం పేరు ఒక్కటే. అవి చెడ్డవని కాదు, కానీ పాత ముల్లార్డ్ గురించి రాసిన పొగడ్త చదివి కొత్తదాన్ని కొనడం తాతగారి పేరు పెట్టుకున్న మనవడికి పింఛను ఇచ్చినట్లు. నిజంగా పాత ముల్లార్డ్ అయితే సాధారణంగా గాజు అడుగు అంచున ఆమ్లంతో చెక్కిన సన్నని అక్షరాలు ఉంటాయి. ముల్లార్డ్‌తో సహా ఫిలిప్స్ కుటుంబం వాల్వుల్లో ఆ గుర్తుల రెండో వరుసలో మొదటిది ఫ్యాక్టరీ, తర్వాతి అంకె సంవత్సరం చివరి అంకె, ఆపై నెల, వారం. ఇంగ్లీషు బీ అక్షరంతో మొదలైతే ఇంగ్లండులోని బ్లాక్‌బర్న్, త్రికోణం ఉంటే హాలండ్‌లోని హీర్లెన్. పైన అచ్చు వేసిన బ్రాండు పేరు గోటితో గీకితే పోతుంది, ఇది పోదు.

మన దేశంలోనూ బెంగళూరులో భారత్ ఎలక్ట్రానిక్స్ సంస్థ వాల్వులు చేసేది. ఇసిసి83, ఇఎల్84 లాంటివి దేశమంతటా రేడియోల్లోకి వెళ్లాయి. ఓసారి కోఠి గుజరాతీ గల్లీకి వేరే పని మీద వెళ్లి, పాత రేడియోలు బాగుచేసే ఒక పెద్దాయన దగ్గర ఆగాను. డబ్బా లోంచి ఒక ఇఎల్84 తీసి, మీటరు మీద పెట్టి, వెలిగాక పెన్సిలు వెనక కొసతో గాజు మీద రెండుసార్లు తట్టి చెవి ఒగ్గి విన్నారు. కొన్ని వాల్వులు అలా తడితే గంటలా మోగుతాయి, లోపలి చట్రం వదులైనప్పుడు. ఇది మోగలేదు. ఎన్ని గంటలు పాడించాలని అడిగాను. ఆయనకు ప్రశ్న అర్థం కాలేదు. "వెలిగింది కదండీ" అన్నారు. కొని తెచ్చుకున్నాను. తాతగారి రేడియోకు సరిగ్గా సరిపోతుంది, దాని ట్రాన్స్‌ఫార్మరు కాలిపోయి ఇరవై ఏళ్లయింది గానీ.